మూడు వందల పన్నెండు కుడిచేతులు

తాను రాసిన ఆటను తానే ఒక్కసారి కూడా ఆడని మనిషి హైమవతి.

విశాఖపట్నం రేవుకి దగ్గరలో, ఉప్పుగాలికి కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టిన ఓ పాత మేడలో, కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే చిన్న ప్రయోగశాల ఉండేది. క్రేన్ ఆపరేటర్ల చేతులు పరీక్షించడం అందులో హైమవతి పని. ఎనభై అడుగుల ఎత్తున గాజుగదిలో కూర్చుని టన్నుల కొద్దీ ఇనుము ఎత్తి దించే మనిషి చెయ్యి అరక్షణం ఆలస్యమైతే కిందనున్న వాళ్ళ గతేమిటి? అందుకని ఆ పరీక్ష. మొదట్లో ఆమె పెట్టిన పద్ధతి ఏమిటంటే, దీపం వెలగ్గానే మీట నొక్కాలి. వెలిగిందా, నొక్కు. మళ్ళీ వెలిగిందా, మళ్ళీ నొక్కు. ఇలా గంటసేపు. ఆపరేటర్లు పది నిమిషాలకి ఆవలించి, పదిహేనో నిమిషానికి బీడీ వంకతో బయటికి పోయి, ఇక ఆ ఛాయలకి వచ్చేవారు కాదు.

ఆమెకు ఒళ్ళు మండింది. మంట చల్లారాక ఉపాయం తోచింది. ప్రయోగశాలకి కొత్తగా ఇళ్ళలో వాడుకునే కంప్యూటరు ఒకటి వచ్చింది. పలకంత పెట్టె, పైన రబ్బరు మీటలు, టీవీకి తగిలిస్తే చాలు. ప్రోగ్రాములు దాచుకోవడానికి పాటలు వినే మామూలు క్యాసెట్టే. దాని ముందు నాలుగు నెలలు కూర్చుని ఆమె ఒక ఆట రాసింది. నల్లటి తెర నిండా నక్షత్రాలు, మధ్యలో మన అంతరిక్ష నౌక. శత్రునౌకలు దండుగా వచ్చి మీద పడతాయి; ఒక దండు పేలిపోతే ఇంకో దండు. సూటిగా వస్తున్న నౌక ఉన్నట్టుండి దిక్కు మారుస్తుంది. పుల్ల తిప్పి దాన్ని పేల్చాలి. పుల్ల అంటే జాయ్‌స్టిక్; ఆపరేటర్లు దానికి పెట్టుకున్న పేరది. క్రేనులో అసలు మీట కుడివైపున ఉంటుంది కనక ఆమె పుల్లని కూడా బల్లకి కుడివైపునే బిగించింది. ఆటకి 'దండు' అని పేరు పెట్టింది.

ఇక చూడాలి సంబరం. డ్యూటీ దిగిన వాళ్ళు ఇళ్ళకి పోవడం మానేసి మేడమెట్ల మీద బారులు తీరారు. "ఏటి మేడమ్, ఇయ్యాల పరీచ్చ నేదా?" అని సెలవురోజున కూడా తలుపు కొట్టేవారు.

ఆట అయ్యాక స్కోరుతో పాటు ఆడినవాడి చెయ్యి ఎప్పుడు ఎటు కదిలిందో ఆ క్యాసెట్ మీదికే ఎక్కేది. ప్రింటరులో వేస్తే అదొక గీతగా వచ్చేది. హైమవతి దాన్ని చేతిజాడ అనేది. మూడు వందల పన్నెండు మంది చేతిజాడలు పోగయ్యాక, అందులో ఏడుగురి గీతల్లో ఒక వింత కనపడింది. శత్రునౌక దిక్కు మార్చగానే అందరి చెయ్యీ తిన్నగా దాని వెంట పోతుంది. ఈ ఏడుగురి చెయ్యి మాత్రం ముందు వెంట్రుకవాసి అవతలి వైపుకి పోయి, పొరపాటు తెలుసుకున్నట్టు వెనక్కి వచ్చి, అప్పుడు సరైన వైపుకి వెళుతోంది. అది కంటికి కనపడదు. ఆడేవాడికీ తెలియదు. దానికి 'వెనకడుగు' అని పేరుపెట్టి ఫైల్లో దాచింది.

ఏడాది తిరక్కుండా ఆ ఏడుగురిలో ఒకతని చేతిలో టీగ్లాసు నిలవడం మానేసింది. తరవాత ఇంకొకడికి. మూడేళ్ళలో నలుగురికి.

డాక్టర్ దేవదానం నరాల వైద్యుడు. వారానికి రెండుసార్లు ప్రయోగశాలకి వచ్చేవాడు. ఆ నలుగురినీ చూసి, హైమవతి గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇది వంశంలో దిగే వణుకండీ. నలభై దగ్గర పడేసరికి మొదలవుతుంది. ముందు చేతులు, తరవాత నడక, ఆ తరవాత మాట, చివరికి మనిషే. మందు లేదు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగంమందికి వస్తుంది. వాళ్ళకి లేకపోతే పిల్లలకి రాదు." బల్లమీది గీతలు దగ్గరికి లాక్కుని అన్నాడు, "మీ ఆట దీన్ని ఏళ్ళ ముందే పట్టేసింది. ఇలాంటి పరీక్ష ఇంకెక్కడైనా ఉందని నేను వినలేదు."

ఆ జబ్బు హైమవతికి కొత్త కాదు. వంశంలో దిగుతుందన్న మాటే కొత్త. ఆమె తండ్రి రైల్వే గార్డు. పచ్చజెండా ఊపుతుంటే జెండా ఊగుతోందో మనిషి ఊగుతున్నాడో తెలియని పరిస్థితి వచ్చి ఉద్యోగం వదులుకున్నాడు. అన్న విశ్వం నలభై మూడో ఏట పోయాడు; ఆఖరి ఏడాది వదినే అతనికి అన్నం కలిపి పెట్టేది. నరాల బలహీనత అనుకున్నారు అందరూ. హైమవతి మనసులో ఏ మూలో అనుమానం ఉండబట్టే మొదటినుంచీ ఆ పుల్ల ముట్టుకోలేదు. "వంట సేసిన మనిసి ఉప్పు సూడదేటి మేడమ్" అని ఆపరేటర్లు వేళాకోళం చేస్తే నవ్వేసి ఊరుకునేది. డాక్టరు చెప్పిన రోజునుంచి అనుమానం పోయి భయం వచ్చింది. ఆ సంగతి భర్త చక్రపాణికి చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ మూడేళ్ళు గడిపేసింది.

ఏడుగురిలో ఆ నలుగురినీ తీసేస్తే మిగిలిన ముగ్గురికీ ఇంకా ఏమీ రాలేదు. వస్తుందని క్రేన్ల కంపెనీకి నివేదిక రాసింది హైమవతే. ముగ్గురినీ క్రేన్ల మీంచి దింపేశారు. వాళ్ళని కూర్చోబెట్టి, ఇది పిల్లలకి కూడా రావచ్చని ఆమే మెల్లగా నచ్చజెప్పింది. వాళ్ళలో చిన్నవాడు నూకరాజు, అప్పుడే పెళ్ళయినవాడు, మొహం వేలాడేసుకుని విన్నాడు. హైమవతికి బాధ కలిగింది. అయినా, ఎవరి నెత్తిమీదా ఇనుము పడకుండా కాపాడానన్న తృప్తి ఆ బాధ కంటే కాస్త ఎక్కువే ఉందని ఒప్పుకోవాలి.

*

బారులు పెరిగాక ప్రయోగశాల అలాంటిదే కొన్న రెండో కంప్యూటరు, పరీక్షలు ముగిశాక మూలపడి, హైమవతి ఇంటికి చేరింది. ఆమె కూతురు మైథిలికి పన్నెండేళ్ళు. బడినుంచి వస్తూనే సంచీ గిరాటేసి క్యాసెట్ పెట్టేది. లోడవుతున్నంతసేపూ అది కీచురాళ్ళ గుంపు అరిచినట్టు అరిచేది. "ఆ గోల ఆపవే, నా చెవులు చిల్లులు పడుతున్నాయి" అని వాళ్ళ మామ్మ రాజ్యలక్ష్మమ్మ జపమాల పట్టుకుని పెరట్లోకి పోయేది.

ఇంట్లో ఉన్న ఆటలో కూడా చేతిజాడ రాసుకునే ముక్క అలాగే ఉండిపోయింది. తీసేద్దామంటే కుదరదు. ఆడేవాడి చేతివేగం చూసుకునే శత్రునౌకలు తమ వేగం మార్చుకుంటాయి. ఆ ముక్క తీస్తే ఆటే నడవదు. ఉంటే ఉందిలే, ప్రింటరులో వేసి చూస్తేనే కదా అనుకుంది హైమవతి. కూతురి చేతిజాడ చూడకూడదని తనకి తానే ఒట్టు పెట్టుకుంది.

జూన్ నెలాఖరున ప్రయోగశాలకి ఎవరో పెద్దలు వస్తున్నారని, ఆటని నడిపి చూపించాలని కబురొచ్చింది. తీరా చూస్తే అక్కడి క్యాసెట్‌లో టేపు నలిగిపోయి ఉంది. హైమవతి ఇంటి క్యాసెట్ పట్టుకొచ్చి పెట్టింది. దేవదానంతో మాట్లాడుతూ, ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు చొప్పున, లోడవగానే వేలితో ప్రింటరు మీట నొక్కేసింది. ప్రింటరు గరగరలాడింది. అప్పటికి గాని తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. ఆపుదామని చెయ్యి చాచేలోపే కాగితం బయటికొచ్చేసింది. దాన్ని దేవదానం చింపి వెలుతురుకేసి పట్టుకున్నాడు.

"అరెరే" అన్నాడు. "ఎవరిదండీ ఇది?"

హైమవతి చూసింది. గీత నిండా చిన్న చిన్న కొక్కేలు. దిక్కు మారిన ప్రతిచోటా వెనకడుగే. ఆ ఏడుగురిలో ఎవరికీ ఇంత స్పష్టంగా లేదు.

"ఓ ఆపరేటరుది" అంది.

"వయసెంత?"

"చిన్నవాడే."

దేవదానం ఆమె ముఖంలోకి చూసి ఏదో అనబోయి మానుకున్నాడు. కాగితం మడిచి ఆమె చేతికిచ్చి, "పాపం" అని మాత్రం అన్నాడు.

ఆ కాగితాన్ని జాకెట్లో దాచుకుని ఆమె బాత్రూములోకి వెళ్ళి గడియపెట్టుకుంది. తల్లికో తండ్రికో ఉంటేనే పిల్లలకి వస్తుందన్నాడు డాక్టరు. చక్రపాణి వైపు ఎవరికీ లేదు. అంటే ఒక్క కాగితం మీద ఇద్దరి జాతకాలూ వచ్చాయి. తనకి ముప్పై ఎనిమిది. తన సంగతి ఆమెకు అంతగా పట్టలేదు. మైథిలికి నలభై వచ్చేది ఎప్పుడు, ఇంకా ఎన్నేళ్ళు, అప్పటికి మందు కనిపెడతారా, ఈ లెక్కలే వేసుకుంటూ కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయి నిలబడింది.

*

భయానికి ఇంట్లో పని చాలా ఉంటుంది. పొద్దున్నే మైథిలి పాలగ్లాసు ఎత్తితే హైమవతి కళ్ళు గ్లాసు మీదే. పిల్ల జడ వేసుకుంటూ దువ్వెన జారవిడిస్తే చేతిలో పని వదిలేసి వచ్చేది. సైన్సు పుస్తకంలో కప్ప బొమ్మ గీస్తుంటే వెనకనుంచి వంగి చూసేది, గీత ఎక్కడైనా వణికిందా అని. కప్ప కాళ్ళు వంకరగా ఉన్నాయి. ఆ వయసులో కప్పని తిన్నగా గీసిన పిల్లలెవరు? అని సర్దిచెప్పుకునేది, మళ్ళీ పుస్తకం తీసి చూసేది. ఎవరూ చూడకుండా కాఫీగ్లాసు అంచుదాకా నింపి తన అరచేతిలో పెట్టుకునేది. తొణక్కపోతే ఆ పూటకి ఊపిరి పీల్చుకునేది.

చక్రపాణి కాలేజీలో లెక్కల మేష్టారు. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో కనిపెట్టడం ఆయన వృత్తి.

"ఏమైంది హైమా? వారం రోజులుగా చూస్తున్నాను, దాని చేతులకేసి గుడ్లప్పగించి చూస్తున్నావు."

"ఏం లేదండీ. గోళ్ళు పెంచుతోంది."

"గోళ్ళు చూస్తే ఏడుపొస్తుందా ఎవరికైనా?"

ఆమె చెప్పేద్దామనే నోరు తెరిచింది. చెబితే ఆయన కూడా రోజూ ఆ పిల్ల పాలగ్లాసుకేసి చూస్తూ కూర్చుంటాడు. ఇంట్లో ఒకరు చాలరా? "తలనొప్పిగా ఉంది" అని లోపలికి పోయింది.

ఆ రోజే క్యాసెట్ తీసుకెళ్ళి ఆవకాయ జాడీల వెనక దాచేసింది. మైథిలి ఇల్లంతా వెతికి, మూతి ముడుచుకుని, రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. "చదువు పాడవుతోంది" అంది హైమవతి. క్లాసులో రెండో ర్యాంకు వచ్చిన పిల్లకి ఆ కారణం నచ్చలేదు. నిజానికి హైమవతికి కావలసింది ఒక్కటే. ఆ గీత మళ్ళీ గీయబడకూడదు. అది చూడకుండా ఉంటే ఏదో ఆగుతుందని చదువుకున్న మనిషి అనుకోవచ్చా? ఆమె అనుకుంది.

*

ఆషాఢం వచ్చింది. పక్కింటి గోడమీంచి వాలిన గోరింటాకు కొమ్మలు దూసుకొచ్చి, రాజ్యలక్ష్మమ్మ రోట్లో వేసి రుబ్బింది. ఆ సాయంత్రం అయిదింటికి హైమవతి మెట్లెక్కుతుంటే ఇంట్లోంచి దండు చప్పుడు వినిపించింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. జాడీల వెనకనుంచి క్యాసెట్ ఎలా బయటికొచ్చిందో ఆలోచించే ఓపిక కూడా లేక, చెప్పులతోనే లోపలికి పరిగెత్తింది. టీవీ లాగి పారేద్దామన్నంత కోపం. తీరా గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. తెర మీద శత్రునౌకలు ఆమె ఎన్నడూ చూడనంత వేగంగా వస్తున్నాయి. వచ్చినవి వచ్చినట్టే పేలిపోతున్నాయి. మూలన అంకె చూసింది. ముప్పై ఒకటో దండు. ఆపరేటర్లలో మొనగాడు కూడా ఇరవై దాటలేదు. మైథిలి ఎప్పుడూ తొమ్మిదో దండు దగ్గరే చచ్చేది.

పిల్ల కుడిచెయ్యి మోచేతిదాకా గోరింటాకు ముద్దలతో పైకెత్తి పట్టుకుని ఉంది. పుల్ల ఎడమచేతిలో ఉంది.

"ఆపమనకమ్మా, ఒక్క నిమిషం" అంది మైథిలి తల తిప్పకుండా. "నాకివాళ ఎలాగో కుదురుతోంది."

రాజ్యలక్ష్మమ్మ గిన్నెలో మిగిలిన గోరింటాకు గీకుతూ సంజాయిషీ మొదలుపెట్టింది. "కుడిచేతికే ముందు పెట్టాను హైమా, అది ఖాళీగా ఉంటే ఈ పిల్ల ఊరుకుంటుందా, ఏదో ముట్టుకుని చెరిపేసుకుంటుందని. అయినా చూడు, ఆవకాయ తియ్యడానికి వెళ్ళి ఆ పెట్టె పట్టుకొచ్చింది."

"ఎడంచేత్తో ఎలా ఆడుతోంది అత్తయ్యగారూ?"

"అందులో వింతేముంది? దానిది పుట్టు పుర్రచెయ్యే. నువ్వు ట్రైనింగని బెంగుళూరులో ఏడాది ఉన్నావు చూడు, అప్పుడు నేనే మాన్పించాను. అన్నం ఎడంచేత్తో తింటుంటే చూస్తూ ఊరుకుంటానా? ఆర్నెల్లు ఆ చేతికి జేబురుమాలు చుట్టి గౌనుకి పిన్నీసు పెట్టి ఉంచా. గుక్కపట్టి ఏడ్చేది. తరవాత అదే దారికొచ్చింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మాన్పించేశాక చెప్పేదేముంది?"

హైమవతి అక్కడే నేలమీద కూలబడింది. చెప్పులు విప్పలేదని అత్తగారు అంటున్నది ఆమెకు వినపడలేదు.

మర్నాడు క్యాసెట్ ప్రయోగశాలకి పట్టుకెళ్ళింది. ప్రింటరు గీసినంతసేపూ కళ్ళు మూసుకుని, కాగితం చింపాక తెరిచింది. గీతలో ఒక్క కొక్కెం లేదు. ఎడమచేతి చేతిజాడ తీసిన దారం లాగుంది. పుట్టుకతో ఎడమచేతి వాటమున్న పిల్ల మెదడు ఇప్పటికీ ఆజ్ఞ ముందు ఆ చేతికే ఇస్తోంది. మొండిగా అలవాటు చేసిన కుడిచేతికి ఆ ఆజ్ఞ అద్దంలో బొమ్మలా తిరగబడి చేరుతోంది. అందుకే ముందు అవతలి వైపుకి పోయి, ఆ తరవాత ఇవతలికి. అది జబ్బు కాదు.

నమ్మడానికి భయమేసింది. దేవదానాన్ని బతిమాలి, ఆ నలుగురు రోగుల్లో ఇంకా పుల్ల పట్టగలిగిన ఇద్దరిని రప్పించి, రెండు చేతులతోనూ ఆడించింది. వాళ్ళకి రెండు చేతుల్లోనూ వెనకడుగు ఉంది. మైథిలికి కుడిచేతిలో మాత్రమే. దేవదానం ముగ్గురి కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"మీ అమ్మాయికి ఏమీ లేదండీ" అన్నాడు.

"మా అమ్మాయని మీకెలా తెలుసు?"

"ఆరోజే తెలిసింది. ఏ ఆపరేటరూ స్కోరు పక్కన తన పేరు మైథిలి అని రాసుకోడు కదా."

హైమవతి వరండాలోకి వెళ్ళి, తుప్పు పట్టిన ఊచలు పట్టుకుని, పెద్దగా ఏడ్చింది. ఇరవై రోజుల ఏడుపు. ఆ తరవాత నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుంటూ, తిరిగొచ్చి డాక్టరుకి ఏదో చెప్పబోతుంటే, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆపరేటర్ల ఫైళ్ళున్న బీరువా వైపు చూసింది. దేవదానం అప్పటికే అటు చూస్తున్నాడు.

ఫైలు తీశారు. పరీక్షకి ముందు ప్రతి ఆపరేటరూ నింపిన ఫారంలో ఒక గడి ఉంది. ఏ చేతివాటం? ఆమె పెట్టిన గడే. కాగితం తరవాత కాగితం తిప్పుతూ పోయింది. కుడి. కుడి. కుడి. మూడు వందల పన్నెండు మందీ కుడే. ఎడమచేతి వాటం ఒప్పుకుంటే క్రేనెక్కనివ్వరని కొందరు, అది చెప్పుకోదగ్గ సంగతి కాదని కొందరు, చిన్నప్పుడే ఎవరో తన్ని మాన్పిస్తే తమకే గుర్తులేక కొందరు. నూటికి పది మందికి ఉండే వాటం మూడు వందల మందిలో ఒక్కడికీ లేదంటే ఆమెకు అనుమానం రావాల్సింది. ఆనాడు ఆమెకు అనుమానం రాలేదు. బాగుంది, లెక్క తేలికైంది అని సంతోషించింది. ఆ సంతోషం ఆమెకు ఇప్పటికీ గుర్తుంది.

మిగిలిన ముగ్గురి కాగితాలూ బల్లమీద పెట్టింది. వాళ్ళని క్రేన్ల మీంచి దింపేసి నాలుగో ఏడు నడుస్తోంది. ముగ్గురికీ ఇంకా ఏమీ రాలేదు.

*

ఆదివారం పొద్దున్న జాలారిపేటలో నూకరాజు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. సంచిలో కంప్యూటరు, క్యాసెట్, పుల్ల. ముందు చేతులు పరీక్షించి, ఆ తరవాతే చెప్పాలని దారంతా అనుకుంటూ వెళ్ళింది. మంచి కబురు తీసుకెళుతున్న మనిషి ప్రతి సందు మొగలోనూ ఆగిపోవడం ఆమెకే వింతగా ఉంది.

నూకరాజు గోడవారన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై రెండేళ్ళవాడు నలభై దాటినట్టున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"మేడమ్ గారా. ఏటమ్మా ఇంత దూరమొచ్చేరు. పైడితల్లీ, కుర్సీ అట్రా."

అతని భార్య పైడితల్లి కుర్చీ తెచ్చి వేసి, టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. మంచం కింద ఒక గాజుగ్లాసు అంచుదాకా నీళ్ళతో ఉంది. హైమవతి దానికేసి చూడడం గమనించి నూకరాజు సిగ్గుపడ్డాడు.

"రోజూ పొద్దున్నే అరిసేతిలో ఎట్టుకుని సూసుకుంతానమ్మా. తొనకనేదంటే ఆ రోజుకి పరవానేదు. ఇయ్యాల కూడా తొనకనేదు." తరవాత మెల్లగా అడిగాడు. "నాకింకెన్నాళ్ళుందమ్మా? అది సెప్పడానికేనా వొచ్చేరు?"

ఆమె జవాబు చెప్పేలోపు పైడితల్లి టీ పట్టుకొచ్చింది. వేడిగ్లాసు పైడితల్లి వేళ్ళలోంచి జారింది. నూకరాజు అసంకల్పితంగా చెయ్యి చాచి దాన్ని గాలిలోనే పట్టుకున్నాడు. ఎడమచెయ్యి. ఒక్క చుక్క ఒలకలేదు. ఆ చేతి వెనక అరంగుళం వెడల్పున పాత కాలిన మచ్చ ఉంది.

"అదెలా కాలింది?" అంది హైమవతి.

"ఇదా? మా అమ్మమ్మ. సిన్నప్పుడు ఈ సేత్తో కూడు తింతన్నానని అట్లకాడతో వాతెట్టింది." తెలియకుండానే గ్లాసు కుడిచేతిలోకి మార్చుకున్నాడు. "మరిసిపోనాను ఎప్పుడో."

పరీక్ష అక్కర్లేకుండానే తెలిసిపోయింది. అయినా ఆమె వాళ్ళ టీవీకి కంప్యూటరు తగిలించి ఆడించింది. ఎడమచేత్తో అయిదు నిమిషాలు. నాలుగేళ్ళుగా గ్లాసులో నీళ్ళు చూసుకుంటూ బతికిన మనిషి ఇరవై రెండో దండు దాకా వెళ్ళాడు. ఇక దాచడానికేమీ లేక, చెప్పేసింది. జబ్బు లేదని, ఎప్పుడూ లేదని, తప్పు తనదని. చేతుల సంగతి, అద్దంలో బొమ్మ సంగతి, ఫారంలో గడి సంగతి, అంతా చెప్పింది. మాట పూర్తయ్యేసరికి పైడితల్లి గడప మీద కూర్చుండిపోయింది.

"అయితే ఈయనకేటీ నేదా?" అంది.

"లేదమ్మా."

"రాదా?"

"రాదు."

ఆమె మొగుడికేసి చూసింది. అతను తెరకేసి చూస్తున్నాడు. అటే చూస్తూ నూకరాజు అన్నాడు.

"పిల్లలకి కూడా వొస్తాదని సెప్పేరు కదమ్మా మీరు. మా అయ్య నా సిన్నప్పుడే సంద్రంలో ఏటకెళ్ళి పోనాడు, ఆడికుందో నేదో ఎవులికి తెలుసు, ఉండుంటాదనుకున్నాను. మాకు పెళ్ళయి అప్పటికి నాలుగు నెల్లు. పుట్టబోయేవోడికి ఇది తగిలించీకూడదని కేంపులోకెళ్ళి ఆపరేసన్ సేయించీసుకున్నాను. పిల్లల్నేకపోతే సెయ్యమన్నారు. ఇద్దరున్నారని అబద్దమాడేను."

హైమవతి ఇల్లంతా కలయజూసింది. ఇంట్లో ఊయల లేకపోవడం, దండెం మీద చిన్నబట్టలు లేకపోవడం ఇందాక చూసింది; చూసి కూడా అర్థం చేసుకోలేదు. మళ్ళీ కలిపే ఆపరేషన్ ఉందంటారు, పెద్దాసుపత్రిలో కనుక్కుంటాను, కుదరొచ్చు కుదరకపోవచ్చు, అని ఏదో అంది. ఆ మాటలు ఆమె చెవులకే చప్పగా వినిపించాయి. తిడతాడేమో అనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

నూకరాజు తిట్టలేదు. పుల్లని చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూస్తూ అడిగాడు.

"అమ్మా, మీరాడేరా ఈ ఆట?"

"లేదు."

"ఒక్క పాలీ?"

"లేదు నూకరాజూ. మా నాన్నకి ఆ జబ్బు ఉండేది. మా అన్నయ్య దాంతోనే పోయాడు. నాకు ఉందో లేదో..." ఈ మాట ఆమె కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు. "భయమేసి ఆడలేదు."

అతను తల ఊపాడు. కోపంగా కాదు, ఎన్నాళ్ళనుంచో అర్థంకానిదేదో అర్థమైనట్టు ఊపాడు.

"అయితే తెలీకండా ఉంటేనే మనిసి బతకగలడని మీకు ముందే తెలుసన్నమాట."

పుల్ల ఆమె ముందు బల్లమీద పెట్టి, మంచం కింద గ్లాసు తీసి, అందులో నీళ్ళు వాకిట్లో పారబోయడానికి బయటికి వెళ్ళాడు. హైమవతి తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అవి వణుకుతున్నాయి. సిగ్గుతో వణుకుతున్నాయో, ఇంకోదానితోనో ఆమెకు తెలియదు.